పీకిపారేసేదీ గునుగే, పేర్చుకునేదీ గునుగే

ఆషాఢంలో కూలి ఇచ్చి పీకించిన మొక్కనే భాద్రపదం వెళ్లేనాటికి డబ్బు పెట్టి కొనుక్కోవడం తెలంగాణలో ఏటా జరిగే ముచ్చటే. చేలో ఉన్నప్పుడు అది కలుపు. బతుకమ్మ పండగ మొదలయ్యే ఎంగిలిపూల నాటి పొద్దున హైదరాబాద్ కూడళ్లలో గోనెపట్టా మీద కట్టలుగా పడి ఉన్నప్పుడు అదే సరుకు. గునుగు అంటే తెలంగాణలో తెలియని ఇల్లు లేదు. గురుగు అంటే రాయలసీమ పల్లెల్లోనూ పాతతరం వాళ్లు పోల్చుకుంటారు. కానీ మనకు తెలిసింది పువ్వు ఒక్కటే. పూత రాని రోజుల్లో ఆ మొక్కను చూపించి ఇదేమిటని అడిగితే కొందరు తోటకూర అంటారు, ఇంకొందరు పిచ్చిమొక్క అంటారు. పువ్వు అంత బాగా తెలిసి, మొక్క బొత్తిగా తెలియకపోవడం వల్లే దీన్ని పండించాలన్న ఊహ ఎవరికీ తట్టలేదని నా వాదన. బంతిని విత్తుతాం, చామంతికి నారు పోస్తాం. గునుగు మాత్రం దానంతటదే మొలవాలి, ఎవరి చేతికీ చిక్కకుండా మిగలాలి, అప్పుడు మనం వెళ్లి కోసుకోవాలి. ఈ మూడింటిలో నడిమిది ఇప్పుడు జరగడం లేదు. చేలో మిగలడం లేదు. కాబట్టి గునుగును విత్తి పెంచుకోవలసిన కాలం వచ్చింది. అందుకు ముందు దాన్ని ఆకు దశలోనే గుర్తుపట్టడం రావాలి.

శాస్త్రంలో దీని పేరు సెలోషియా అర్జెంటియా. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు. అర్జెంటియా అంటే వెండిలాంటిదని. కుటుంబం అమరాంతేసీ, అంటే మన తోటకూర కుటుంబమే. గ్రీకు భాషలో అమరాంతోస్ అంటే వాడనిది అని అర్థం. తోటకూరను చూస్తే ఈ పేరు ఎందుకు పెట్టారో బోధపడదు, కోసిన గంటకే తల వేలాడేస్తుంది కదా! గునుగును చూస్తే బోధపడుతుంది. దాని పూరేకులు మెత్తటి పచ్చి రేకులు కావు, ఎండు కాగితంలా గలగలలాడే పొరలు. విచ్చినప్పుడే వాటిలో నీరు చాలా తక్కువ, అందుకే వాడడానికి ఏమీ ఉండదు. తొమ్మిది రోజులాడే పండగకు అమావాస్య నాడు కోసిన పువ్వు అష్టమి దాకా నిలవాలంటే ఇలాంటి పువ్వే కావాలి. ఇంకో విశేషం చూడండి. బతుకమ్మ తాంబాళంలో గునుగు పక్కన చేరే పట్టుకుచ్చు కూడా అచ్చంగా ఈ సెలోషియా జాతిదే. మనుషుల చేతిలో పడి రూపం మారిన గునుగన్నమాట. గుండ్రంగా ఊదారంగులో ఉండే పోకబంతి వేరే ప్రజాతి అయినా ఈ కుటుంబానిదే. ఎవరూ వృక్షశాస్త్రం చదివి పేర్చలేదు. వాడనివి ఏవో చేతితో ముట్టి తెలుసుకుని పేర్చారు. అవన్నీ ఒకే గోత్రానివని తర్వాత తేలింది.

ఈ గోత్రం చిన్నదేమీ కాదు. 1998 తర్వాత వచ్చిన కొత్త వర్గీకరణలో పాలకూర, బీట్‌రూట్, చక్రవర్తికూర ఉన్న పాత కుటుంబాన్ని కూడా ఇందులోనే కలిపేశారు. పొన్నగంటి, ఉత్తరేణి, పిండికూర, చెంచలికూర ఎలాగూ ఇందులోవే. వీటన్నిటినీ కలిపే గుర్తు ఒకటి వంటింట్లోనే కనబడుతుంది. ఎర్ర తోటకూర ఉడికించిన నీళ్లకు పట్టే రంగు, బీట్‌రూట్ తరిగిన వేళ్లకు అంటే రంగు, లేత గునుగు కంకి కొసన కనిపించే గులాబీ రంగు అన్నీ బీటలైన్లు అనే ఒకే రకం రంగు పదార్థాలు. మందారానికో వంకాయకో రంగునిచ్చేది వేరే పదార్థం. ఆ రెండూ ఒకే మొక్కలో కలిసి ఉండవు. గునుగు కంకి పైకి పోయేకొద్దీ గులాబీ, కిందికి వచ్చేకొద్దీ వెండి తెలుపు. కింది పూలు ముందు విచ్చుతాయి, ముందు ముదురుతాయి, ముదిరినకొద్దీ రంగు కోల్పోతాయి. ఒక్క కంకిని చూసి ఆ మొక్క పూతకొచ్చి ఎన్నాళ్లయిందో అంచనా కట్టవచ్చు.

ఇక గుర్తుపట్టే సంగతి. తొలకరి పడ్డాక చెలకల్లో తోటకూర జాతి మొలకలు రెండు మూడు రకాలవి కలిసే లేస్తాయి. వేలెడు ఎత్తు దాకా వాటిని విడదీయడం చేయి తిరిగిన వాళ్లకూ కష్టమే. నాలుగైదు ఆకులు వచ్చాక మాత్రం పని సులువు. మొదట ఆకు కొన చూడాలి. చేలల్లో దొరికే చిలకతోటకూర ఆకు కొసన చిన్న నొక్కు ఉంటుంది, ఎవరో గోటితో గిల్లినట్టు. గునుగు ఆకు కొసన ఆ నొక్కు ఉండదు, బల్లెం మొనలా సన్నగా దిగుతుంది. తోటకూర ఆకు వెడల్పుగా ఉండి పొడుగాటి కాడ మీద నిలబడుతుంది. గునుగు ఆకు సన్నగా సాగి, అడుగున క్రమంగా ఇరుకై కాండంలో కలిసిపోతుంది. కాడ ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. తర్వాత ఆకులు ఎలా పుట్టాయో చూడాలి. ఒక కణుపు దగ్గర ఒక్క ఆకే ఉండి, పై కణుపు దగ్గర రెండోది ఇంకో పక్కన ఉంటే గునుగు కావచ్చు. రెండాకులు ఎదురెదురుగా ఉంటే అది ఉత్తరేణో, పొన్నగంటో, అడవి పోకబంతో. గునుగు మాత్రం కాదు. కాండాన్ని వేళ్ల మధ్య తిప్పితే నిలువు గీతలు తగులుతాయి, నూగు తగలదు. నూగు దట్టంగా ఉండి తెల్లగా కనిపిస్తే అది పిండికూర. కణుపుల దగ్గర ముల్లు గుచ్చుకుంటే ముళ్లతోటకూర. చెంచలికూరతో పొరపడేవాళ్లూ ఉన్నారు. దాని ఆకు వెడల్పు, కాడ సన్నం. పూత దశలో ఆకు చంకల్లోంచి దారంలాంటి పొడుగు కాడలు లేచి వాటి మీద పూలు ఎడంఎడంగా ఉంటాయి. గునుగు కంకి కొమ్మ చివర నిలువుగా, ఒత్తుగా, మొదట్లో మొగ్గలా కోసుగా, పోనుపోను గుండ్రటి కడ్డీలా సాగుతుంది.

పూత వచ్చాక అనుమానం ఏదైనా మిగిలితే కంకి అడుగు నుంచి ముదిరిన పువ్వు ఒక్కటి తీసి అరచేతిలో పెట్టుకుని గోటితో విప్పండి. అయిదు పొర రేకులు, ఒక్కోటి సెంటీమీటరుకు లోపే. వాటి నడుమ ఒక్కటే పొడుగాటి కీలం, పువ్వు ఎండినా రాలకుండా సూదిలా నిలిచి ఉంటుంది. కీలం కింద చిన్న కాయ. దాన్ని కాస్త నొక్కితే పై సగం మూతలా ఊడిపోతుంది, సున్నపు కాయ మూత తీసినట్టు. లోపల నాలుగు నుంచి ఎనిమిది దాకా గింజలు. నల్లగా, నున్నగా, రెండు పక్కలా ఉబ్బెత్తుగా, మెరుగు పెట్టినట్టు మెరుస్తాయి. తోటకూర కాయకీ ఇలాంటి మూత ఉంటుంది గానీ అందులో ఒకటే గింజ. ఈ లెక్క తప్పదు. ఒక కాయలో నల్లటి గింజలు మూడు నాలుగు కనిపించాయంటే మీ చేతిలో ఉన్నది గునుగు జాతే.

పువ్వు గురించి ఇంత చెప్పాక, ఆకు గురించి చెప్పకపోతే వాదన సగమే అవుతుంది. గునుగు కూరాకు కూడా. మరాఠీలో కుర్డు అంటారు, వానాకాలపు అడవి కూరల్లో దానికి మంచి పేరుంది. కన్నడంలో అణ్ణె సొప్పు, తమిళంలో పణ్ణైక్కీరై. చుట్టూ మూడు భాషల వాళ్లు కూరగా పెట్టుకున్న పేర్లు ఇవి. చిత్తూరు వైపు కలగూరలో చెంచలాకు, దొగ్గలాకులతో పాటు గురుగాకు వేసేవారు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు విత్తకుండా వచ్చే ఆకుకూరలకు విలువ ఉందని ఏళ్ల తరబడి చెబుతూ వస్తున్నాయి. అయితే వీళ్లందరికంటే ముందుకు పోయింది పశ్చిమ ఆఫ్రికా. నైజీరియాలో యొరుబా వాళ్లు దీన్ని సోకో అంటారు. మడులు కట్టి విత్తి, కట్టలు కట్టి సంతలో అమ్ముతారు. మనం కలుపు కింద లెక్కవేసే మొక్క అక్కడ ప్రధానమైన ఆకుకూరల్లో ఒకటి. మొక్క ఒకటే, దాన్ని చూసే చూపులోనే తేడా. పుట్టిల్లు ఆఫ్రికానా, ఇండియానా అన్న పంచాయతీ వృక్షశాస్త్రజ్ఞుల మధ్య ఇంకా తెగలేదు గానీ, సాగుచేసిన ఘనత మాత్రం వాళ్లదే.

తినే ఆకు లేతగా ఉండాలి. విత్తిన నాలుగు నుంచి ఆరు వారాల మధ్య, కంకి తొంగిచూడక ముందు కోసుకోవాలి. పూతకొస్తే ఆకు చిన్నదవుతుంది, చేదెక్కుతుంది, పీచు పడుతుంది. ఈ కుటుంబంలో చాలా ఆకుల్లాగే ఇందులోనూ ఆక్సలేట్లు ఉంటాయి. అందుకని ఒక పొంగు రానిచ్చి నీళ్లు వంపేసి, ఆ తర్వాత పప్పులో వేసుకోవడమో, ఉల్లిపాయ వెల్లుల్లితో తాలింపు పెట్టుకోవడమో మేలు. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చే తత్వం ఉన్నవాళ్లు పాలకూర విషయంలో ఎంత జాగ్రత్తగా ఉంటారో దీని విషయంలోనూ అంతే ఉండాలి. ఇంతకంటే గట్టిగా చెప్పాల్సిన హెచ్చరిక ఇంకొకటుంది. చైనాలో గనుల ప్రాంతాల్లో చేసిన పరిశోధనల్లో ఈ మొక్క నేలలోని కాడ్మియం, మాంగనీసు లాంటి లోహాలను పెద్ద మోతాదులో పీల్చి ఆకుల్లో దాచుకుంటుందని తేలింది. చెడిన నేలను బాగుచేయడానికి దీన్ని వాడవచ్చా అని అక్కడ పరీక్షిస్తున్నారు. నేలకు అది మంచి గుణమే, తినేవాడికి మాత్రం కాదు. మూసీ ఒడ్డునో, ఫ్యాక్టరీల కాలువల పక్కనో, చెత్త పోసిన ఖాళీ ప్లాట్లలోనో ఏపుగా పెరిగిన గునుగును పువ్వుకు కోసుకోండి, కూరకు మాత్రం వద్దు. తినడానికి విత్తుకునే పెంచుకోవాలని నేను చెప్పడానికి ఇది ఒక్కటే చాలినంత కారణం. అడవి కూర అనగానే స్వచ్ఛమైనది అనుకోవడం నగరం చుట్టుపక్కల చెల్లదు.

ఇప్పుడు పువ్వు కరువు సంగతి. గునుగు మెట్ట మొక్క. చెలకల్లో, గెట్ల మీద, జొన్న కంది సాళ్ల మధ్య బతికేది. వేరు దగ్గర నీళ్లు నిలిస్తే తట్టుకోలేదు. చెలక మడిగా మారి వరి వచ్చిన చోట గునుగుకు చోటు లేదు. పత్తి వచ్చిన చోట కలుపు మందు వచ్చింది. ఊరి చుట్టూ చెలకలు ప్లాట్లుగా మారిన చోట రెండు మూడేళ్లు విరగబూస్తుంది, ఆ తర్వాత సిమెంటు కింద పడిపోతుంది. గుంటక తోలి, చేత్తో కలుపు తీసే రోజుల్లో గెట్టు పక్కన నాలుగు మొక్కలు తప్పించుకునేవి. ఆడవాళ్లు తెలిసే వదిలేసేవారు. పిచికారీకి ఆ దయ లేదు. అదే కాలంలో 2014లో బతుకమ్మ రాష్ట్ర పండగ అయింది. పట్నాల్లో అపార్టుమెంటు అపార్టుమెంటుకూ బతుకమ్మలు లేస్తున్నాయి, ఎత్తులో పోటీలు కూడా పడుతున్నాయి. పువ్వు దొరికే చోట్లు తగ్గుతున్నాయి, అడిగే చేతులు పెరుగుతున్నాయి. తంగేడు రాష్ట్ర పుష్పమై గౌరవం పొందింది. పక్క వరుసలో కూర్చునే గునుగుకు ఆ గౌరవం లేకపోయినా ఫరవాలేదు, ఒక మడి దక్కితే చాలు.

ఈ మాటకు రైతు వైపు నుంచి వచ్చే అభ్యంతరం సామాన్యమైనది కాదు. కలుపును చేతులారా విత్తుకోమంటారా అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. వేరుశనగలోనూ రాగిలోనూ గునుగు దట్టంగా లేస్తే దిగుబడి పడిపోతుంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. ఈ నష్టాన్ని తక్కువ చేసి మాట్లాడటం తప్పు. కాకపోతే ఆ గింజలు ఎప్పుడు రాలతాయో చూడాలి. కంకి అడుగు పూలు ముదిరి, కాయ మూత ఊడాక. పువ్వు కోసం పెంచినవాడు కంకి మొత్తం ముదిరేదాకా ఆగడు. పండగ ముందే కొమ్మలతో సహా కోసేస్తాడు. గింజ రాల్చే మొక్క కోయకుండా వదిలేసిన మొక్కే. కాబట్టి మూడు నియమాలు పెట్టుకుంటే చాలు: వేరుశనగ చేను దరిదాపుల్లో వద్దు, విత్తిన మడిలో విత్తనానికి ఉంచినవి తప్ప ఒక్క కంకినీ వదలొద్దు, ఉంచినవాటికి గుడ్డసంచి తొడగాలి. ఇదంతా చేసినా మరుసటి ఏడు కొన్ని మొలకలు లేస్తాయి. అవే మొదటి కూరాకు.

కలుపు అన్న మాటలోనూ ఒక తిరకాసుంది. జొన్న వేళ్లను పట్టుకుని రసం పీల్చే స్ట్రైగా అనే పరాన్నజీవి కలుపు ఆఫ్రికాలో లక్షల ఎకరాలను పీడిస్తోంది, మన మెట్ట జొన్నకూ అది పాత శత్రువే. తూర్పు ఉగాండాలో రైతులు గునుగు మొలిచిన చోట స్ట్రైగా తగ్గడం గమనించి దీన్ని స్ట్రైగాను తరిమేది అని పిలిచారు. అక్కడి శాస్త్రజ్ఞులు జొన్నలో కలిపి వేసి చూస్తే ఆ మాట వట్టిది కాదని తేలింది. స్ట్రైగా గింజ దగ్గరలో తగిన వేరు ఉందన్న సంకేతం అందితేనే మొలుస్తుంది. గునుగు వేళ్ల సంకేతానికి మోసపోయి మొలిచిన స్ట్రైగా, పట్టుకోవడానికి జొన్న వేరు దొరకక చచ్చిపోతుందని వాళ్ల వివరణ. దీన్ని పట్టుకుని జొన్న చేలన్నిటా గునుగు చల్లమని నేను అనను. ఒక పైరులో నష్టం చేసే మొక్క ఇంకో పైరుకు కాపలా కాయవచ్చని మాత్రమే ఇది చెబుతోంది. ఏ చేలో, ఎంత ఒత్తుగా, ఎన్నాళ్లు అన్న లెక్క లేకుండా మంచిదనీ చెడ్డదనీ తీర్పు చెప్పలేం.

రెండో అభ్యంతరం పండగ వైపు నుంచి వస్తుంది. బతుకమ్మ అంటే బయటికి పోయి, చేలూ చెలకలూ తిరిగి, ఎవరూ నాటని పూలు తెచ్చి పేర్చేది కదా, దాన్ని కూడా మడిలోకి తెస్తే ఇంకేం మిగిలింది? వినడానికి బాగుంది గానీ తాంబాళం వైపు చూస్తే నిలవదు. అడుగున పరిచేది గుమ్మడి ఆకు, గుమ్మడీ బీరా పూసేది పెరట్లో. బంతి, చామంతి, పోకబంతి ఎవరో ఒకరు నాటినవే. పట్టుకుచ్చు తరాలుగా ఇంటి ముందరి పువ్వే. అడవి పూలూ పెరటి పూలూ కలిసే ఆ పేర్పు ఉంటూ వచ్చింది. పైగా గునుగును మనం ఉన్నదున్నట్టు వాడటం లేదు. కాడలు సమానంగా తరిగి, కట్టలు కట్టి, గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ముంచుతున్నాం. కాగితంలాంటి తెల్ల రేకులు రంగును ఇట్టే పట్టుకుంటాయి గనుకే అది కుదిరింది. రసాయన రంగు పూసుకున్నా చెడని సంప్రదాయం మడిలో మొలిస్తే చెడుతుందా? మార్కెట్లో గునుగు దొరకని ఇంటివాళ్లు ప్లాస్టిక్ పూల వైపు చేయి చాస్తున్నారు. అసలు పోటీ అడవి గునుగుకూ పెరటి గునుగుకూ మధ్య కాదు. (గునుగూ తంగేడూ చెరువు నీటిని శుద్ధి చేస్తాయని ప్రతి ఏడూ పత్రికల్లో రాస్తారు. పండగకు ఆ సమర్థన అవసరం లేదు. రంగుల్లో ముంచిన కట్టల విషయంలో ఆ మాట అనకపోవడమే మంచిది.)

ఇంకొందరు, విత్తనాల దుకాణాల్లో రంగురంగుల సెలోషియా ప్యాకెట్లు దొరుకుతున్నాయి కదా, ఈ తెల్ల కలుపెందుకు అంటారు. అవి దీని దాయాదులే. కోడిజుట్టులా మడతలు పడేది, ఈకలా మంటలా లేచేది. రెండూ మనుషులు ఏరి ఏరి పెంచిన రూపాలు. కోడిజుట్టు ఆకారం అసలు కంకి మొన వెడల్పుగా అతుక్కుపోయే లోపం, ఆ లోపాన్నే ముచ్చటపడి తరతరాలు నిలబెట్టారు. తాంబాళంలో వాటికి తావుంది, గునుగు తావు మాత్రం కాదు. వలయాలుగా పేర్చడానికి నిటారు కాడ, సన్నని కంకి, తెల్ల రంగు కావాలి. అన్నిటికంటే పెద్ద రుజువు విదేశాల్లో ఉంది. గులాబీ తెలుపు కంకులతో అచ్చం గునుగులా ఉండే ఫ్లమింగో ఫెదర్ అనే రకాన్ని అమెరికా విత్తన కంపెనీలు ఏనాటి నుంచో అమ్ముతున్నాయి, ఎండుపూల గుత్తుల కోసం. అంటే పెంచవచ్చా అన్న ప్రశ్నకు జవాబు వచ్చేసింది. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో బతుకమ్మ ఆడేవాళ్లు మంచు భయం పోయాక వసంతంలో ఆ గింజలు విత్తుకుంటే పండగ నాటికి తాంబాళం నిండుతుంది. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు, అక్కడ అప్పటికి చలికాలం వెళ్లి కొద్ది వారాలే అవుతుంది.

పెంచడంలో ముందు తెలుసుకోవలసింది రోజు నిడివి. గునుగు పొద్దు తగ్గుతున్నకొద్దీ పూతకు తొందరపడే మొక్క. జూన్‌లో మొలిచింది నడుము ఎత్తు పెరిగి పూస్తుంది. ఆగస్టులో మొలిచింది మోకాలు దాటకుండానే పూస్తుంది. మొక్క పంచాంగం చూడదు, పండగ మాత్రం పంచాంగం ప్రకారమే వస్తుంది. 2025లో మహాలయ అమావాస్య సెప్టెంబర్ 21న పడింది, అధికమాసం వల్ల 2026లో అక్టోబర్ 10న పడుతోంది. మూడు వారాల తేడా గునుగుకు చాలా పెద్దది. ముందొచ్చే ఏడు జూన్ విత్తులు సరిపోతాయి. ఆలస్యంగా వచ్చే ఏడు అవి ముదిరి రాలే దశకు వస్తాయి కాబట్టి జూలై చివర్లో రెండో విడత చల్లుకోవాలి. ఏటా రెండు విడతలూ వేస్తే ఏ లెక్కా అక్కరలేదు, మొదటి విడత పలచన చేసినప్పుడు పీకినవన్నీ కూరలోకి పోతాయి.

వెయ్యి గింజలు తూచినా గ్రాము బరువు ఉండవు. గుప్పిట పట్టి చల్లితే ఒక్కచోటే కుప్ప పడతాయి. గింజకు పదింతలు పొడి ఇసుక కలిపి చల్లాలి. లోతు పనికిరాదు, గింజ కనిపించీ కనిపించనంత మట్టి కప్పి, సన్నని చిల్లుల డబ్బాతో నీళ్లు చిలకరించాలి. వేడి ఉన్న నేలలో వారం లోపే మొలకలు వస్తాయి. నల్లరేగడి అయితే మడిని కాస్త ఎత్తు చేయాలి. ఎర్రనేలకు ఆ బాధ లేదు. జానెడు ఎత్తుకు వచ్చాక మొక్కకూ మొక్కకూ జానెడు ఎడం ఉండేలా పలచన చేసి, ఉన్నవాటి తలలు తుంచాలి. తుంచితే నాలుగైదు కొమ్మలు వేస్తుంది, ప్రతి కొమ్మ చివరా కంకి. తుంచకపోతే ఒక్క లావు కంకి మధ్యలో లేచి, పక్కవి చిన్నబోతాయి, పేర్చడానికి అంత లావు పనికిరాదు. పశువుల ఎరువు వేస్తే చాలు. యూరియా ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, కాడ మెత్తబడి వానకు వాలిపోతుంది. కూర కోసం పెంచే మడి సంగతి వేరు, దానికి ఎరువూ నీరూ ధారాళంగా ఇచ్చి, ఒత్తుగా ఉంచి, జానెడున్నర రాగానే కోసుకుంటూ పోవాలి. డాబా మీద కుండీల్లోనూ వస్తుంది, రోజుకు ఆరు గంటల ఎండ మాత్రం తప్పనిసరి. నీడన పెరిగితే కంకి పలచబడుతుంది.

పురుగుల్లో పేచీ పెట్టేది తోటకూరలో ఆకు మడిచి లోపల గూడు కట్టే పచ్చ పురుగు. కొన్ని మొక్కలే కాబట్టి మడిచిన ఆకులను చేత్తో ఏరేస్తే పోతుంది. వేర్లకు బుడిపెలు కట్టే నులిపురుగులకు కూడా ఇది ఇష్టం. అందుకే ఏటా ఒకే మడిలో వేయకూడదు, వంగ, టమాటా తీసేసిన చోట అసలే వద్దు, బంతి వేసి తీసిన చోట వేస్తే మంచిది. కోత పొద్దున మంచు ఆరాక. తడిగా కోసి కట్ట కడితే లోపల బూజు పడుతుంది. కోసిన కట్టలను తలకిందులుగా వేలాడదీస్తే కాడలు నిటారుగా ఎండుతాయి.

విత్తనానికి వేరే ఏర్పాటు పెద్దగా అక్కరలేదు. పండగ చివరి రోజు, సద్దుల నాటి సాయంత్రం కాడలు తరిగి, కంకులు సరిచేసి, బతుకమ్మను ఎత్తుకుపోయాక ఆ చాప మీద మిగిలిన రేకులనూ దుమ్మునూ ఊడ్చి పారేయకుండా చేటలోకి ఎత్తండి. నెమ్మదిగా కొడితే తెల్ల పొరలు గాలికి పోయి అడుగున నల్లటి గింజలు నిలుస్తాయి. రంగులో ముంచిన వాటివి కాకుండా చూసుకుని, రెండు రోజులు నీడన ఆరబెట్టి, కాగితం పొట్లం కట్టి, దాని మీద ఏడాది రాసి పెట్టుకోవాలి. మళ్లీ తొలకరికి చల్లడానికి అవి చాలు.